గంటు లేని బిస్కత్తులు

1978 డిసెంబరులో మా అమ్మ మమ్మల్ని ముట్టుకోవడం మానేసింది.

మొదట నాకు అర్థం కాలేదు. మా చెల్లెలు ఎస్తేరుకు అప్పుడు మూడేళ్లు. ఎప్పుడూ అమ్మ పక్కనే పడుకునేది. ఒకరోజు దాని దుప్పటి అవ్వ చాప మీదికి పోయింది. తరువాత అమ్మ నీళ్లు తాగే లోటా వేరే గూట్లోకి పోయింది. నాకు జడ వేసేది అమ్మే. "పెద్దదానివైనావు, నువ్వే ఏసుకో" అనేసింది. మాట్లాడేటప్పుడు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నేనేదో తప్పు చేసి ఉంటాను, అందుకే నా మీద కోపం అనుకున్నాను. అడగడానికి నాకు నోరు రాదు. ఇంట్లోనే తక్కువ మాట్లాడతాను, వడమాలపేట హైస్కూల్లో అయితే హాజరు పలకడానికి కూడా గొంతు లేవదు.

మాట్లాడలేనివి రాసుకుంటాను. నా చేతిరాత బాగుందని మా తెలుగు అయ్యవారు ఒక ఎరువుల అంగడి డైరీ ఇచ్చారు. సగం ఆయన వాడేసినది. మిగతా సగం నాది. దాన్ని రేకుపెట్టెలో పాత నోటుబుక్కుల అడుగున పెట్టేదాన్ని. అమ్మా నాయనా నా పెట్టె తెరవరు. అవ్వ తెరిచినా, ఆమెకు చదువు రాదు. అందుకని ధైర్యంగా ఉండేదాన్ని.

తొమ్మిదో తేదీ పొద్దున నేను బిందె తీసుకుని పోయేసరికి బోరింగు దగ్గర అమ్మ ఒక్కతే ఏదో గుడ్డ ఉతుకుతోంది. కాలవలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. నన్ను చూసి గుడ్డ పిడికిట్లో దాచుకుంది.

"ఏందిమా అది?"

"కాల్లో ముల్లు ఇరిగిందిలే. బిందె నింపుకోని పో."

అమ్మ కాళ్లు చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. ఇంటికి వచ్చి, బడికి పోయే ముందు డైరీలో రాశాను. "అమ్మ గుడ్డలో రక్తం చూశాను. అమ్మకు అక్కమ్మకు వచ్చిన జబ్బే వచ్చింది. ఎవరికీ చెప్పకూడదు."

అక్కమ్మ సంగతి మా పాళెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె పెంచలయ్య పెండ్లాం. నేను నాలుగో తరగతిలో ఉండగా దగ్గి దగ్గి రక్తం కక్కుకుంది. క్షయ అన్నారు. పెద్దలు కూర్చుని, బిడ్డలు తిరిగే చోట ఆమె ఉండకూడదని, మామిడితోపు చివర ఒక కొట్టంలో పెట్టించారు. రోజూ ఒకరు పోయి సంగటి ముద్ద బండ మీద పెట్టి, "అక్కమ్మా" అని ఒక కేక వేసి, ఆమె బయటికి వచ్చేలోగా తిరిగి వచ్చేయాలి. ఆ పోయే మనిషి ఆమె సొంత అక్క కుప్పమ్మత్త. ఒకసారి పుల్లలకు పోయి నేను చూశాను. కుప్పమ్మత్త ముద్ద పెట్టింది, కేక వేసింది, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. ఉగాదికి ముందే అక్కమ్మ చచ్చిపోయింది. కొట్టాన్ని కాల్చేశారు.

కుప్పమ్మత్తది మా గోడ పక్క ఇల్లే.

ఆ వారమే నాయన అమ్మను తిరుపతికి పిలుచుకుని పోయాడు. పండగ చీర కొనుక్కొస్తామని పాళెంలో చెప్పి పోయారు. సాయంత్రం చీర లేకుండా వచ్చారు. నాయన దొడ్లో అవ్వతో మెల్లిగా మాట్లాడుతున్నాడు. నేను పెంట ఎత్తుతూ తడిక ఇవతల నిలబడిపోయాను.

"మదనపల్లె ఆసుపత్రిలో పడక ఉండాదంట. ఇరవై ఏడో తేదీ రమ్మన్నారు. సంవత్సరం పట్టినా పడతాది గాని, మందులుండాయి, నయమైతాదన్నాడు డాక్టరు."

"ముట్టుకుంటే అంటుకుంటాదా నాయనా?" అని అవ్వ అడిగింది.

"ముట్టుకుంటే రాదంట. బువ్వతో రాదంట. దగ్గితే గాల్లో వస్తాదంట. నోటికి గుడ్డ పెట్టుకోమన్నాడు, చిన్నదాన్ని పక్కలో ఏసుకోవద్దన్నాడు. ఈమె ఇంటేనా, బిడ్డల్ని అసలు ముట్టుకోనంటాది."

"డాక్టరు సెప్పింది నువ్వింటావు, నేనింటాను. వరదయ్య ఇంటాడా?" అంది అవ్వ.

వరదయ్య మా ఏసు గుడి పెద్ద. ప్రార్థన బాగా చేస్తాడు. అక్కమ్మను తోపులో పెట్టమని మొదట అన్నది ఆయనే.

"అందుకే ఎవురికీ తెలీకూడదు. పండగ దాటినాక బస్సెక్కేదాకా గాలికి గూడా తెలీకూడదు" అన్నాడు నాయన.

 "మరి బిస్కత్తులు?" అంది అవ్వ.

ఆ ప్రశ్న విని నా చేతిలో పెంటతట్ట కింద పడింది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది.

మా పాళెంలో క్రిస్మస్ అంటే మా అమ్మ బిస్కత్తులే. పెండ్లికి ముందు అమ్మ చిత్తూరులో ఒక మిషను బంగళాలో వంట పనికి ఉండేది. అక్కడి దొరసాని దగ్గర నేర్చుకుంది. మైదా, నాయన గానుగ దగ్గర వండి తెచ్చే కొత్త బెల్లం, శొంఠి, లవంగం, దాల్చిన పట్ట, డాల్డా. ఏటా ఏడిండ్లకు ఏడు తట్టలు పోతాయి. మాతోపాటు గుడికి వచ్చేవాళ్లకే కాదు, కుప్పమ్మత్త వాళ్లలాగా తిరుమలకు నడిచిపోయి గుండు కొట్టించుకునే వాళ్లకు కూడా. పోయిన తట్టను ఎవరూ వట్టిది తిప్పి పంపకూడదు. పంపితే రెండిండ్లకూ కీడంటారు. బొరుగులో, చెనక్కాయలో, ఏమీ లేకపోతే బెల్లం ముక్కో పెట్టి పంపుతారు. ఒక్క ఏడాది బిస్కత్తులు పోలేదంటే ఏడిండ్ల వాళ్లూ వచ్చి ఏమైందని అడుగుతారు.

ఇరవై మూడో తేదీ పొద్దున అమ్మ నన్ను పిలిచింది. "ఈసారి నువ్వు సేస్తావు సలోమీ. నేను సెప్తాను. ఎవురన్నా అడిగితే నేనే సేసినానని సెప్పు."

దొడ్డి తడిక మూశాం. అమ్మ చింతమొద్దు మీద, నాకు పది అడుగుల దూరంలో, నోటికి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. పొయ్యి మీద పాత ఇనుప బాండలి, దాంట్లో ఇసుక, ఇసుకలో మూడు రాళ్లు, రాళ్ల మీద బిస్కత్తుల పళ్లెం. పైన మూకుడు బోర్లించి దాని మీద నిప్పులు పోయాలి. ఏటా చూస్తున్నదే. చేస్తుంటే మాత్రం నా చేతులు నావి కావనిపించింది.

మొదటి వాయి అడుగు మాడిపోయింది.

"నేను సెప్పేదాకా ఎందుకు ఆగినావు? వాసన సూసుకోవద్దూ?"

"ఏ వాసనమా?"

"ముందు బెల్లం వాసన వస్తాది. అది అబద్ధం, నమ్మబాక. బెల్లం వాసన అణిగి శొంఠి ఘాటు ముక్కుకు తగుల్తాది సూడు, అప్పుడు తియ్యి. ఊపిరి రెండుసార్లు పీల్చే లోపల తీసెయ్యాల."

రెండో వాయికి కళ్లు మూసుకుని కూర్చున్నాను. బెల్లం వచ్చింది. ఆగాను. శొంఠి వచ్చింది. తీశాను. అమ్మ దూరం నుంచే మెడ చాచి చూసి తల ఊపింది. లేచి ఒక అడుగు వేసి, మళ్లీ కూర్చుంది.

మూడో వాయికి ఉండలు చేసి పెట్టగానే అమ్మ అంది, "బొటనేలితో వత్తు. వత్తకుంటే నేను సేసినట్టుండదు."

అది అమ్మ గుర్తు. ప్రతి బిస్కత్తు నడుమా బొటనవేలితో ఒక గుంట. అమ్మ కుడి బొటనవేలికి అడ్డంగా గంటు ఉంటుంది. చెరుకు కొట్టేటప్పుడు కొడవలి దిగిన చోటు. అందుకని గుంటలో సన్నగా ఒక గీత కూడా పడుతుంది. నా వేలు చిన్నది. వత్తి, కొంచెం అటూ ఇటూ తిప్పితే గుంట పెద్దదయింది. గీత మాత్రం పడలేదు.

"గంటు ఎట్లమా?"

"దాన్ని ఎవురు సూస్తారులే."

అప్పుడే గోడ అవతల నుంచి కుప్పమ్మత్త గొంతు వినపడింది. "ఏమే జ్ఞానాంబా! వాసనతో సంపుతాండావే. మా కోడలు కడుపుతో ఉండాది, దాని నోట్లో నీళ్లూరి సట్టి నిండిపోయేట్టుండాది. తట్ట ఎప్పుడు పంపుతావు?"

"రేపు పంపుతా వదినా" అంది అమ్మ. ఆ మాట అనేసరికే దగ్గు పట్టుకుంది. తువ్వాలు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను కదలలేకపోయాను. అవ్వ పరుగున రోటి దగ్గరికి వచ్చి రోకలి ఎత్తి దంచడం మొదలుపెట్టింది. రోట్లో ఏమీ లేదు. వట్టి రోలు దంగు దంగుమని మోగింది.

"ఏందత్తా, ఇంకా దంచతానే ఉండారా?" అంది గోడ అవతల గొంతు.

"శొంఠి మే! ఈ ఏటి శొంఠి రాయి మాదిరుండాది!" అని అవ్వ అరిచింది.

అమ్మ దగ్గు ఆగినా అవ్వ రోకలి చాలాసేపటిదాకా ఆపలేదు.

ఇరవై నాలుగు పొద్దున తట్టలు సర్దాం. నేను బిస్కత్తులు తుడిచి ఇస్తుంటే అవ్వ తట్టల్లో కాగితాలు పరిచి పేర్చింది. గుడ్డలు కప్పి, ఏడిండ్లకూ నేనే తీసుకుపోయాను. ప్రతి ఇంట్లోనూ తల వంచుకుని, "అమ్మ పంపింది" అన్నాను. కుప్పమ్మత్త తట్ట అందుకుని గుడ్డ ఎత్తి చూసింది. ఒక బిస్కత్తు చేతిలోకి తీసుకుంది. ఎప్పటిలా వెంటనే నోట్లో వేసుకోలేదు.

"మీ అమ్మ బాగుండాదా?" అంది.

"బాగుండాది" అని వచ్చేశాను.

మధ్యాహ్నం డైరీ రాద్దామని పెట్టె తెరిచాను. నోటుబుక్కులన్నీ చెదిరి ఉన్నాయి. లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాలు లేవు. డైరీ తీశాను. దానంతటదే ఒక చోట తెరుచుకుంది. ఎనిమిదో తేదీ తరువాత పదో తేదీ ఉంది.

"అవ్వా, తట్టల్లో ఏసిన కాగితాలు యాడివి?"

"నీ పెట్టిలోవే. రాసేసినవే గదా. లెక్కల పుస్తకంలో ఆరే ఉండినాయి, ఒకటి తక్కువొస్తే ఆ లావాటి పుస్తకంలోది ఒకటి సించినా. ఎందుకే, పరీక్షకు కావాల్నా?"

"ఏ తట్టలో ఏసినావు అవ్వా అది?"

"నాకేం తెలుసే! కాగితమంటే కాగితమే."

 అవ్వకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఏమని చెప్పేది? నాయన గాలికి కూడా తెలియనివ్వొద్దన్న మాటను నేను రాసి, బిస్కత్తుల కింద పెట్టి, నా చేతులతోనే ఇచ్చి వచ్చాను.

తడిక దగ్గర కూర్చున్నాను. ఏడిండ్లలో ఎవరికి చదువొచ్చో లెక్క వేసుకున్నాను. వరదయ్యకు వచ్చు. కుట్టుమిషను మునస్వామికి వచ్చు. కుప్పమ్మత్త మొగుడు ఎల్లప్ప మామ టీ అంగట్లో పేపరు చదువుతాడు. మిగతా నాలుగిండ్లలో ఎవరికీ రాదు. కానీ రాని వాళ్లు ఎవరిచేతనైనా చదివించుకుంటే?

తట్టలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. బొరుగులు వచ్చాయి. అరటిపండ్లు వచ్చాయి. తెచ్చినవాళ్ల మొహం చూడడానికే నాకు భయంగా ఉంది, చూడకుండా ఉండలేకపోయాను. వరదయ్య పెండ్లాం వసంతమ్మ తానే వచ్చింది.

"మీ అమ్మ యాడ?"

"లోపల... తల దువ్వుకుంటాంది."

"ఈసారి ఏందే, శొంఠి అంత ఘాటుగా ఏసింది?" అని నా మొహంలోకి చూసింది. "మీ మామ తిని, దగ్గుకు మందు మాదిరుండాది అన్నాడు."

దగ్గు అన్న మాట వినగానే ఆమె మొహంలోకే చూశాను. ఆమె నవ్వుతోంది. వట్టి నవ్వే. చెనక్కాయలు ఒలకబోసి వెళ్లిపోయింది.

చీకటి పడేసరికి ఆరు తట్టలు వచ్చాయి. ఏడోది రాలేదు. కుప్పమ్మత్త తట్ట ఏటా అందరికంటే ముందు వచ్చేది.

క్రిస్మస్ పొద్దున గుడిలో అమ్మ వాకిలి దగ్గర, అందరికీ వెనక, గాలి తగిలే చోట కూర్చుంది. నీరసంగా ఉండాది, ఎండ కావాలంది. వరదయ్య ప్రార్థన చేస్తున్నంతసేపు నేను కళ్లు మూసుకోలేదు. దేవుడికి ఏమని చెప్పుకోవాలో కూడా తెలియలేదు. అక్కమ్మ కోసం కూడా ఈయన ఇట్లాగే ప్రార్థన చేశాడు, తరువాత తోపుకు పంపాడు. బండ మీద ముద్ద పెట్టేది ఈసారి నేనే అవుతాను. కేక వేసి, వెనక్కి చూడకుండా రావాలి.

గుడి వదిలాక అందరం కలిసి వీధిలో నడుస్తున్నాం. ముందు నాయన, ఎస్తేరును ఎత్తుకుని అవ్వ, వెనక అమ్మా నేనూ, మా వెనక వరదయ్య వాళ్లు, ఇంకా పదిమంది. మా తడిక ముందు కుప్పమ్మత్త నిలబడి ఉంది. ఒక చేతిలో మా తట్ట, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన ఇత్తడి తట్ట. ఆమె నవ్వడం లేదు.

నేను పరుగెత్తాను. నాయనను దాటి, అవ్వను దాటి పోయి ఆమె ముందు నిలబడ్డాను. "అత్తా, అవి నేను సేసినాను. అమ్మ ముట్టుకోలేదు. నేనే సేసినాను అత్తా" అన్నాను. గొంతు ఎంత బయటికి వచ్చిందో నాకు తెలియదు.

కుప్పమ్మత్త నన్ను చూసింది. నా తల మీదుగా వెనక వస్తున్న వాళ్లను చూసింది.

"ఏంది కుప్పమ్మా, పండగ పూట తట్టలెత్తుకోని వాకిట్లో నిలబడినావు?" అని వరదయ్య దగ్గరికి వచ్చాడు.

"నిలబడక ఏం సేసేది పెద్దాయనా! మీ ఇంటి తట్ట ఈ ఏడన్నా మా ఇంటికి వస్తాదేమోనని దావ సూస్తాండా. ఏటా ప్రార్థన పెట్టి పంపిస్తావు గాని, పలహారం పెట్టి పంపిన పాపాన పోలేదే నువ్వు!"

అందరూ నవ్వారు. వసంతమ్మ మొగుడి మీద ఏదో అంది. వరదయ్య కూడా నవ్వుతూ, తల గోక్కుంటూ ముందుకు పోయాడు. వీధి ఖాళీ అయింది.

కుప్పమ్మత్త మాతోపాటు దొడ్లోకి వచ్చి తడిక మూసింది. మా తట్టను రోటి మీద పెట్టింది. దాంట్లో నా డైరీ కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. నాయన దాన్ని తీసి చదివాడు. నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"మీ ఎల్లప్ప మామ సదివినాడు. నాకు ఇనిపించినాడు. ఇంగెవురికీ ఇనిపించలేదు" అంది కుప్పమ్మత్త. తరువాత నాతో అంది, "నువ్వు సేసినావని నువ్వు సెప్పల్నా? పదైదేండ్ల నుంచి తింటాండా మీ అమ్మ బిస్కత్తులు. గంటు లేకుండా ఒక్కటి తిన్ల్యా నేను. నిన్న గుడ్డెత్తగానే తెలిసింది జ్ఞానాంబ సెయ్యి కాదని. ఏమైందో తెలీక బయమేసింది. కాగితం తరువాత సూసినాం."

అమ్మ గోడకు ఆనుకుని, తువ్వాలు నోటికి పెట్టుకుని నిలబడింది. "తిన్నావా వదినా?" అంది.

"నేనూ మీ అన్నా తిన్నాం. కోడలికి పెట్టలా." కుప్పమ్మత్త కళ్లు తిప్పుకోలేదు. "అబద్ధం ఎందుకు సెప్పాల. నాకు బయమే."

"పెట్టకపోవడమే మంచిది" అంది అమ్మ.

"తోపు కాడ మా సెల్లి రోజూ పిల్సేది. అక్కా, ఒక్క నిమిసం నిలబడు అనేది. నేను ఒక్కనాడు నిలబడలా."   ఎస్తేరు బొరుగులు నములుతోంది.

కుప్పమ్మత్త ఇత్తడి తట్ట అమ్మ ముందు చింతమొద్దు మీద పెట్టి, గుడ్డ తీసింది. అటుకులు, బెల్లం, వేయించిన చెనక్కాయలు. బస్సులో తినేటివి.

"యాడికి పోతారో నాకు సెప్పబాకండి. తెలీకుంటే నాలిక జారదు. మీ పిన్నమ్మకు బాగలేదంట, సూసుకోను పోయిందంట అని నేను సెప్పుకుంటా." తడిక దాకా పోయి ఆగింది. "ఈ తట్ట నాది జ్ఞానాంబా. మా అమ్మ ఇచ్చింది. నువ్వే తెచ్చియ్యాల. వట్టిది తేబాక."

ఇరవై ఏడో తేదీ మొదటి బస్సుకు అమ్మ పోయింది. పోయేటప్పుడు ఎస్తేరు నిద్రపోతోంది. అమ్మ దూరం నుంచే చూసింది. నా దగ్గరికి వచ్చి, చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసుకుంది. "జడ బాగా ఏసుకుంటాండావే" అంది.

ఇత్తడి తట్టను అవ్వ గోడకు మేకు కొట్టి తగిలించింది. వంట చేసేటప్పుడల్లా అది కనపడేది. ఉత్తరం ఆలస్యమైతే దానివైపు చూడబుద్ధి అయ్యేది కాదు. ఉగాదికి ముందు, అక్కమ్మ పోయిన రోజులైతే మరీ. డైరీ రాయడం మానలేదు గాని, రాసిన కాగితాన్ని సాయంత్రానికి నేనే పొయ్యిలో వేసేదాన్ని. కుప్పమ్మత్త కోడలికి మగబిడ్డ పుట్టాడు. పిన్నమ్మ రోగం గురించి కుప్పమ్మత్త పాళెమంతా ఎన్ని కథలు చెప్పిందంటే, ఆ పిన్నమ్మ ఇంకా ఎట్లా బతికుందని వసంతమ్మ నన్ను అడిగింది.

అక్టోబరులో అమ్మ వచ్చింది. లావయింది. మందులు ఇంకా మింగాలన్నారు గాని, ఇక ఎవరికీ అంటుకోదని కాగితం మీద రాసిచ్చారు. వచ్చిన రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి జడ విప్పి, నూనె పెట్టి, మళ్లీ వేసింది. 

ఆ డిసెంబరులో బిస్కత్తులు అమ్మే చేసింది. నేను నిప్పులు చూశాను. మేకు మీది తట్టను చింతపండుతో తోమి, దాంట్లో పేర్చి, అమ్మే తీసుకుపోయింది. వెనక నేను పోయాను.

కుప్పమ్మత్త గుడ్డ ఎత్తింది. ఒక బిస్కత్తు తీసుకుని వాకిట్లోకి వచ్చి, ఎండలో పట్టుకుని, నడుమ గుంటలోకి చాలాసేపు చూసింది. గోటితో ఆ గీత తడిమింది.

తరువాత కోడల్ని పిలిచి, సంకలో ఉన్న బిడ్డ చేతిలో పెట్టింది.